పీట అన్నాను, పీడ అని విన్నారు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఒక ప్రైవేటు పాఠశాలలో పాఠాలు చెబుతాను. పెళ్లయి పదహారేళ్లయింది. నాలుగేళ్ల క్రితం మామయ్యగారు పోయినప్పటి నుంచి అత్తయ్య (73) మా దగ్గరే ఉంటున్నారు. నేను చాటుగా ఆవిడను తిడుతున్నానని, ఏదో గొణుగుతున్నానని ఏడాదిగా అందరికీ చెబుతున్నారు. మొన్న పనమ్మాయితో ‘ఆ పీట పక్కకు జరుపు’ అన్నాను. ‘నన్ను పీడ అంటుందా’ అని అత్తయ్య ఆ పూట అన్నం మానేసి, మా ఆడపడుచుకు ఫోను చేసి ఏడ్చారు. చెవుడేమో అనుకుందామంటే మా వారు మామూలుగా పిలిచినా పలుకుతారు. నేను వంటింట్లోంచి నాలుగుసార్లు పిలిచినా పలకరు. గొంతు పెంచితే ‘ఎందుకలా అరుస్తావు’ అంటారు. కావాలనే చేస్తున్నారని నాకు అర్థమైపోయింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టు, ఆవిడ మనసులో విషం ఉంది కాబట్టే నా మాటలో విషం వినిపిస్తోంది. మా వారు కూడా ‘నిజం చెప్పు, ఏమన్నావు?’ అని అడుగుతున్నారు. ఇకపై ఇంట్లో నేను మాట్లాడేదంతా ఫోనులో రికార్డు చేసి ఆయనకు వినిపించాలనుకుంటున్నాను. సరైన పనేనా?

జవాబు: మీరు పీట అనే అన్నారని నమ్ముతున్నాను. మీ అత్తయ్య చెవికి పీడ అనే వినిపించిందని కూడా అంతే గట్టిగా నమ్ముతున్నాను. మీ ఇంట్లో ముగ్గురూ ఒకే చోట చిక్కుకుపోయారు. ఒకరు అబద్ధం చెబుతున్నారని తేలితే తప్ప లెక్క సరిపోదని అందరూ అనుకుంటున్నారు.

మీ ఉత్తరంలో ఫిర్యాదులుగా రాసినవాటిని నేను లక్షణాలుగా చదివాను. వయసుతో వచ్చే వినికిడి లోపం శబ్దాలన్నిటినీ ఒకే మోతాదులో తగ్గించదు. ముందు పోయేది సన్నని, హెచ్చుస్థాయి ధ్వనులు. స, శ, చ, త, ఫ లాంటి హల్లులు అందులోవే. అచ్చులు మాత్రం బలంగానే చెవిన పడుతుంటాయి. అందుకే ఈ స్థితిలో ఉన్నవారు ‘వినిపించడం లేదు’ అనరు. ‘వినిపిస్తూనే ఉంది, సరిగ్గా మాట్లాడరేం’ అంటారు. ఎదుటివాళ్లు గొణుగుతున్నారన్న ఫిర్యాదు అక్కడి నుంచే పుడుతుంది.

మీ వారి మాట వినిపించడానికీ కారణం ఉంది. మగవారి గొంతు సాధారణంగా మంద్రస్థాయిలో ఉంటుంది. పైగా ఆయన హాల్లో ఎదురుగా కూర్చుని పిలుస్తారు. మీరు వంటింట్లోంచి, కుక్కరు కూత, మిక్సీ మోత మధ్య, బహుశా అటు తిరిగి మాట్లాడతారు. ఇక అరుపు సంగతి. లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు మెల్లని శబ్దం అసలు అందదు. కొంచెం హెచ్చితే ఒక్కసారిగా భరించలేనంత పెద్దదిగా తగులుతుంది. నాలుగు పిలుపులు అందక, అయిదోది చెంపదెబ్బలా పడిందన్నమాట. పరీక్ష చేయించకుండా ఇదేనని తేల్చలేను కానీ, మీరు రాసిన ప్రతి వివరమూ అటే వేలు చూపిస్తోంది. అరవై దాటినవారిలో నలుగురిలో ఒకరికి పైగా ఇబ్బంది పెట్టే స్థాయిలో వినికిడి లోపం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇది అరుదైన సంగతేమీ కాదు.

అయితే చెవికి అందని మాట ఖాళీగా ఉండాలి గదా, తిట్టుగా ఎందుకు మారింది? మీ బాధంతా ఇక్కడే ఉంది. 1970లో రిచర్డ్ వారెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక వాక్యం రికార్డు చేసి, ఒక మాటలోని ఒక ధ్వనిని పూర్తిగా తీసేసి, ఆ చోట దగ్గు చప్పుడు పెట్టాడు. విన్న ఇరవైమందిలో పందొమ్మిదిమంది వాక్యంలో ఏ లోటూ లేదన్నారు. మిగిలిన ఒక్కరూ పోయిన ధ్వనిని తప్పుగా గుర్తించారు. మరో ప్రయోగంలో మొదటి హల్లు చెరిపిన ఒకే ఇంగ్లీషు మాటను, వాక్యం చివర ఇరుసు ప్రస్తావన వస్తే ‘చక్రం’ అనీ, బూటు వస్తే ‘మడమ’ అనీ, నారింజ వస్తే ‘తొక్క’ అనీ విన్నారు. ఊహించామని ఎవరికీ అనిపించలేదు. చెవితోనే విన్నామనుకున్నారు. వాళ్లంతా మామూలుగా వినగలిగేవాళ్లే.

ఇప్పుడు మీ అత్తయ్యను తలచుకోండి. భర్త పోయారు, తన ఇల్లు వదిలి వచ్చారు. నేను వీళ్లకు బరువవుతున్నానేమో అన్న దిగులు ఏ పూటకాపూట లోపల తిరుగుతూ ఉంటుంది. వంటింటి వైపు నుంచి ‘పీ’ అని ఒక అక్షరం, వెనకాల స్పష్టంగా లేని మరో అక్షరం వచ్చాయి. ఖాళీని దిగులు పూరించింది. ఆవిడ దాన్ని కల్పించలేదు. విన్నారు.

1981లో ఫిలిప్ జింబార్డో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బృందం కొందరు విద్యార్థులకు హిప్నాటిజం ద్వారా తాత్కాలికంగా వినికిడి తగ్గించింది. తమకు వినికిడి తగ్గిందని తెలియనివారిలో పక్కవారి మీద అనుమానం, చిరాకు పెరిగాయి. తగ్గిందని తెలిసినవారిలో అలా జరగలేదు. ‘నాకు చెవి తగ్గింది’ అన్న ఒక్క ఎరుక అంత పని చేసింది. ఆ ఎరుక మీ ఇంట్లో ఇంకా ఎవరికీ లేదు.

పచ్చకామెర్ల సామెత ఎత్తారు కాబట్టి నొచ్చుకోకుండా వినండి. మీరు కూడా సగమే చూశారు. కొడుక్కు పలికారు, కోడలికి పలకలేదు. మధ్యలోని కారణం మీకు కనిపించలేదు. ఆ ఖాళీలో మీరు ‘విషం’ అని రాసుకున్నారు. పదహారేళ్ల కాపురంలో పేరుకున్న చిన్న చిన్న గాయాలు అందుకు సిరా పోశాయి. దీన్ని తప్పుపట్టడం లేదు. వృత్తిలో తొలి ఏళ్లలో నేనూ ఇలాంటి అత్తాకోడళ్ల గొడవలు నెలల తరబడి విన్నాను. చెవుల గురించి ఒక్క మాట అడగలేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రికార్డింగు వద్దు. ఆవిడ అప్పటికే విన్నది దానితో చెరిగిపోదు. పైగా తన మీద నిఘా పెట్టారని తెలిసిన రోజున, ఇన్నాళ్లుగా ఉన్న భయానికి మొదటి సాక్ష్యం మీరే ఇచ్చినవారవుతారు.

రేపటి నుంచే చేయగలిగింది ఒకటుంది. మాట మొదలుపెట్టే ముందు ఆవిడ ఎదుటికి వెళ్లి, ముఖం కనిపించేలా నిలబడండి. టీవీ ఆపి, గొంతు పెంచకుండా నిదానంగా మాట్లాడండి. అర్థం కాకపోతే అదే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చెప్పకుండా మరో మాటలో చెప్పండి. ‘ఏమీ లేదులెండి’ అని మాత్రం ఎప్పుడూ అనకండి. సగం విన్నవారికి అంతకంటే అనుమానం పెంచే మాట లేదు. వినికిడి తగ్గినవారు ముఖాలను బాగా చదువుతారు. బడిలో దిద్దాల్సిన పేపర్ల గురించి మీరు నుదురు ముడిచినా, ఆ ముడి తన కోసమే అనుకోవచ్చు. ఎందుకు చిరాగ్గా ఉన్నారో ఒక ముక్క చెప్పేయండి.

ఈ వారంలోనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. కొన్నిసార్లు గట్టిపడిన గులిమి తీస్తేనే సగం సమస్య తీరుతుంది. లేకపోతే ఏ ధ్వని ఎంత వినిపిస్తోందో కొలిచే ఆడియోమెట్రీ పరీక్ష చేస్తారు. వినికిడి యంత్రం ఇస్తే మొదటి వారాల్లో గిన్నెల చప్పుడు, ఫ్యాను హోరు ఆవిడను చికాకు పెడతాయి. రోజుకు కాసేపటితో మొదలుపెట్టించి ఓపిక పట్టండి. మెదడు ఆ శబ్దాలకు మళ్లీ అలవాటు పడాలి. ఖర్చు భారమయ్యే ఇళ్లవారు ఈ జవాబు చదువుతుంటే, 2017లో నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద అరవై దాటిన పేదలకు ఈ యంత్రాలు ఉచితంగా ఇస్తారని గుర్తుంచుకోండి. ఉన్నట్టుండి ఒక చెవి వినిపించకుండా పోతే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఎవరూ లేనప్పుడు కూడా గొంతులు వినిపిస్తున్నాయన్నా, అన్నంలో ఏదో కలిపారన్నా, మతిమరుపు పెరిగినా, మానసిక వైద్యుణ్ణి కూడా కలవండి.

‘మీకు చెవుడు వచ్చింది’ అని మొదలుపెడితే ఆవిడ కదలరు. ‘అత్తయ్యా, నా మాట మీకు సరిగ్గా అందడం లేదు, మొన్న పీట అన్నది మీకు మరోలా వినిపించి అన్నం మానేశారు, నాకు చాలా బాధేసింది, ఒకసారి డాక్టరుకు చూపించుకుందాం’ అనండి. మీ వారు కూడా తప్పకుండా రావాలి. ఆ పరీక్ష ఫలితం గీసి ఇచ్చే ఆడియోగ్రామ్ కాగితం మీద గీత ఎక్కడ కిందికి జారిందో, ఏ ధ్వనులు అమ్మకు అందడం లేదో డాక్టరు చెబుతున్నప్పుడు ఆయన పక్కనే కూర్చుని వినాలి.