చిన్న ఇంజిన్, ఆటోమేటిక్ గేర్లు ఉంటే అది స్పోర్ట్స్ కారు కాకుండా పోతుందా?

విజయనగరంలో కారు అభిమానులైన మా మిత్రుల మధ్య తరచూ తలెత్తే ప్రశ్న ఇది. వేగం తగ్గదు, అనుభూతి మాత్రం మారుతుందన్నది నా సమాధానం.

పోర్షే సంస్థ 2016లో బాక్స్‌టర్ కారుకు 2.7 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ బదులు 2 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజిన్ అమర్చినప్పుడు, శక్తి 265 నుంచి 300 హార్స్‌పవర్‌కు పెరిగింది. వృథాగా పోయే పొగ వేగంతోనే టర్బో తిరుగుతూ సిలిండర్లలోకి అదనపు గాలిని నెట్టడం ఇందుకు కారణం. అయినా పాత ఇంజిన్ నాదం పోయిందని అభిమానులు బాధపడ్డారు, ఆ బాధ న్యాయమైనదే.

ఇక గేర్ల విషయానికి వస్తే, రెండు క్లచ్‌ల ఆటోమేటిక్‌లో ఒక క్లచ్ బేసి గేర్లను, మరొకటి సరి గేర్లను చూసుకుంటుంది కనుక, తరువాతి గేరు ముందే సిద్ధంగా ఉండి, మనిషి చేయి అందుకోలేనంత త్వరగా పడుతుంది. కానీ సాలూరు దాటాక ఒడిశా వైపు ఎక్కే ఘాట్ రోడ్డులో, మలుపుకు ముందు క్లచ్ నొక్కి మూడు నుంచి రెండుకు దించినప్పుడు, గేరు కర్ర మీది అరచేతికి ఇంజిన్ అదురు తెలిసే ఆ క్షణం మాన్యువల్‌లోనే దొరుకుతుంది. నా కారు మామూలు 1.2 లీటర్లదే అయినా, అందుకోసమే దానిని వదులుకోలేదు. 2013లో ఆటోమేటిక్‌తో మాత్రమే వచ్చిన పోర్షే 911 జీటీ3కి కూడా 2017లో మాన్యువల్‌ను మళ్ళీ ఇచ్చారు.