కఫ్ విషయంలో నీ వేళ్లను నమ్మకు

కోడలా,

ఎనస్థీషియాలో చేరి మూడు నెలలైంది, శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడం చేతికొచ్చిందని రాశావు. సంతోషం. వేశాక ఏం చేస్తున్నావో మాత్రం రాయలేదు. నేనే చెప్పనా? ట్యూబ్ చివర ఉండే గాలిబుడగకి, అదే కఫ్‌కి, పది సీసీల సిరంజితో గాలి ఎక్కించి, దానికి కలిసి బయట వేలాడే పైలట్ బెలూన్‌ని రెండు వేళ్లతో నొక్కి, సరిపోయిందనుకుని వదిలేస్తున్నావు. పదిహేనేళ్లు నేనూ చేసింది అదే.

తోపుడుబండి మీద కూరగాయలమ్మే ఒకావిడ నా చేత అది మానిపించింది. గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, ల్యాప్రోస్కోపీ, గంటన్నర కేసు. మర్నాడు రౌండ్స్‌కి వెళ్తే గొంతు బొంగురుపోయి ఉంది. "కేక వెయ్యకపోతే నా బండి దగ్గరికి ఎవరొస్తారు సారూ?" అంది. రెండు వారాలకి గొంతు తిరిగొచ్చిందనుకో. అది కఫ్ వల్లేనా అంటే చెప్పలేను, నేను కొలిస్తే కదా!

కఫ్ ఒత్తిడి కొలిచే మానోమీటర్ కొనుక్కున్నాక తెలిసింది నా వేళ్ల సంగతి. మెత్తగా ఉందనుకున్న బెలూన్ 50 దాటి చూపించింది, ఒకసారైతే 80. మనకు కావలసింది 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి పీడనం. అంతకు తగ్గితే గొంతులోని స్రావాలు కఫ్ పక్కనుంచి ఊపిరితిత్తుల్లోకి జారతాయి. 30 దాటితే శ్వాసనాళం లోపొరకు రక్తం తగ్గుతుంది, 50 దగ్గర దాదాపు ఆగిపోతుంది. నీ మీటర్ మిల్లీమీటర్ల పాదరసంలో చూపిస్తుందేమో చూసుకో. అందులో 30 అంటే నీటి లెక్కలో 40 దాటినట్టే.

ట్యూబ్ కట్టి, పేషెంట్ పొజిషన్ సర్దాక కొలువు. మీటర్ తగిలించగానే కఫ్‌లోని గాలి కొంచెం దాని గొట్టంలోకి పోతుంది, అందుకని తగిలించి చూసి ఊరుకోకుండా 25 దగ్గరికి సర్ది, చప్పున తీసెయ్. మీటర్ దొరకని రోజున మెడ మీద స్టెతస్కోప్ పెట్టి, అర సీసీ చొప్పున గాలి ఎక్కిస్తూ, లీకు చప్పుడు ఆగిన చోటే ఆగు. అది కొలత కాదు, కానీ సిరంజి ఖాళీ చేయడం కంటే ఎంతో నయం.

ఒక్కసారి కొలిచి చేతులు దులుపుకుంటే కుదరదు. మత్తుకి నైట్రస్ ఆక్సైడ్ వాయువు వాడుతుంటే అది కఫ్‌లోకి చేరి ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. పొట్టలో గ్యాస్ నింపి తల దించినా, బోర్లా తిప్పినా, మెడ కదిపినా అంకె మారుతుంది. థైరాయిడ్, మెడ వెన్నుపూస కేసుల్లో సర్జన్ కండరాలను పక్కకి లాగిపట్టే రిట్రాక్టర్ పెట్టగానే తప్పకుండా చూడు. ఆ మాట ఆయనకు ముందే చెప్పు, మధ్యలో అడిగితే విసుక్కుంటారు. ఎల్ఎంఏ, అంటే శ్వాసనాళంలోకి దిగకుండా గొంతులోనే కూర్చునే మాస్కు, దాని లెక్క వేరు, దానికి హద్దు 60. ప్రతి రీడింగూ టైముతో సహా చార్టులో రాయి.

ఓటీ టెక్నీషియన్‌తో మంచిగా ఉండు. మానోమీటర్ ఏ బీరువాలో తాళం వేసుందో అతనికే తెలుస్తుంది. అసలే లేదంటే ఫోన్ చెయ్, అత్తయ్య పంపే అరిసెలతో పాటు నా పాతది పెడతాను. వాడేముందు సూది సున్నా మీద ఉందో లేదో చూసుకో, ఒకసారి కిందపడింది.

మామయ్య