ల్యాబ్‌లో 20 మందే ఉన్నా లైసెన్సులు అయిపోయాయంటోంది, ఎందుకు?

మీరు అడిగింది ఇదీ: 60 సిస్టమ్స్‌లో మ్యాట్‌ల్యాబ్ (లెక్కలు, గ్రాఫులు చేసే సాఫ్ట్‌వేర్) ఉంది, కొన్నవి 30 లైసెన్సులు, మధ్యాహ్నం బ్యాచ్‌లో 20 మందే కూర్చున్నా కొందరికి యూజర్ల సంఖ్య నిండిపోయిందని, పక్కన మైనస్ 4 అని ఎర్రర్ వస్తోంది. వెండర్ మీద అరవకముందు ఒకసారి ఇది చదవండి. గుంటూరు వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఆరేళ్లు ల్యాబులు చూశాను, అచ్చం ఇదే నాకూ అయింది.

ఎన్నింట్లో ఇన్‌స్టాల్ చేశారన్నది లైసెన్సులు పంచే సర్వర్‌కి పట్టదు. మ్యాట్‌ల్యాబ్ తెరవగానే ఆ పీసీ సర్వర్‌ని అడుగుతుంది, సర్వర్ ఒక లైసెన్సు ఇచ్చి పేరు రాసుకుంటుంది, మూసేస్తే కొట్టేస్తుంది. వెనకటి అద్దె సైకిల్ షాపే అనుకోండి. టూల్‌బాక్సులకి (మ్యాట్‌ల్యాబ్‌కి తగిలించే అదనపు భాగాలు) మళ్లీ విడిగా లెక్క ఉంటుంది.

చిక్కంతా సైకిల్ తిరిగిచ్చే దగ్గరే. మా దగ్గర బెల్ కొట్టగానే పిల్లలు తెరిచినవి తెరిచినట్టే వదిలేసి క్యాంటీన్‌కి పరిగెత్తేవాళ్లు, మా ల్యాబ్ అసిస్టెంట్ గోడ దగ్గరికెళ్లి వరుసకొక మెయిన్ స్విచ్ టకటకా ఆపేసేవాడు. కరెంటు అలా పోతే పీసీ సర్వర్‌కి ఏమీ చెప్పలేదు కదా, సర్వరేమో కనెక్షన్ ఇంకా ఉందనే అనుకుంటుంది. టీసీపీ కీపలైవ్ (అవతలి పీసీ ఇంకా ఉందా అని కనెక్షన్‌లో తట్టి చూసే ఏర్పాటు) మామూలు సెట్టింగ్‌లో ఉంటే అవతల ఎవరూ లేరని తెలియడానికి దాదాపు 2 గంటలు పడుతుంది. ఈలోపు మధ్యాహ్నం బ్యాచ్ వచ్చేస్తుంది!

సర్వర్‌లో 'ఎల్‌ఎంస్టాట్ మైనస్ ఏ' (lmstat -a) అనే కమాండ్ కొట్టి చూడండి. ఏ యూజర్, ఏ పీసీ, ఎప్పుడు తీసుకున్నాడో వరుసగా చూపిస్తుంది. నేను 1:40కి చూస్తే 13 పేర్ల ఎదురుగా పొద్దున 9:50 అని ఉంది. వాటిలో ఒక పీసీ 12 గంటలకి ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటిచ్చే పెట్టె) పోయి, మూత విప్పి నా టేబుల్ మీదే ఉంది. దానికీ ఒక లైసెన్సు!

అప్పటికప్పుడు 'ఎల్‌ఎంరిమూవ్' (lmremove) కమాండ్‌తో ఒక్కొక్కటీ విడిపించుకోవచ్చు కానీ రోజూ అదే పనంటే విసుగు. సరిగ్గా షట్‌డౌన్ చెయ్యమంటే మా అసిస్టెంట్ "అన్ని పీసీల చుట్టూ ఎవరు తిరుగుతారు సార్" అన్నాడు, అదీ నిజమే, అందుకే 12:30కి అన్నీ వాటంతటవే షట్‌డౌన్ అయ్యేలా షెడ్యూల్ పెట్టాను, ఆ వారంతో గొడవ పోయింది. తెరిచి ఊరికే వదిలేసేవాటికి సర్వర్‌లోని ఆప్షన్స్ ఫైల్‌లో (లైసెన్సులు ఎలా పంచాలో రాసుకునేది) టైమవుట్, అంటే ఇంతసేపు వాడకపోతే వెనక్కి తీసుకో అని పెట్టొచ్చు, కాకపోతే కనీసం ఎంతసేపన్నది వెండర్ పెట్టిన హద్దు, మనిష్టం వచ్చినట్టు 5 నిమిషాలు పెడతామంటే కుదరదు. అదే ఫైల్‌లో పాత రిజర్వ్ లైన్ ఉందేమో కూడా చూడండి, ఫ్యాకల్టీకని ఎవరో ఎప్పుడో 5 పక్కన పెట్టి ఉంటే అవి ఖాళీగా ఉన్నా పిల్లలకి రావు.

ఇంకొకటి, సర్వర్ రీస్టార్ట్ అయ్యాక ఒక్కరికీ రాకపోతే అది వేరే జబ్బు. 27000 పోర్టులో (పోర్టంటే సర్వర్‌కి ఉండే నంబరు తలుపు) ఉండేది తలుపు తీసే మనిషి లాంటి ప్రోగ్రామ్ మాత్రమే, లైసెన్సు ఇచ్చే వెండర్ డీమన్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్) వేరే పోర్టులో ఉంటుంది, దాన్ని లైసెన్స్ ఫైల్‌లోని డీమన్ లైన్‌లో ఫిక్స్ చెయ్యకపోతే రీస్టార్ట్ అయినప్పుడు మారిపోవచ్చు, ఆ కొత్త పోర్టుని ఫైర్‌వాల్ ఆపేస్తుంది. దీనికి నేను ఒక సోమవారమంతా తగలేశాను.

ముందు ఆ ఎల్‌ఎంస్టాట్ అవుట్‌పుట్ ఇక్కడ పెట్టండి, పిల్లల పేర్లు తీసేసి.