క్లీనర్ వల్ల బౌలింగ్ బంతి పాడైతే పరిహారం అడగొచ్చా?

ప్రశ్న: మాది నారాయణగూడ. శని, ఆదివారాలు బౌలింగ్ ఆడతాను. రెండేళ్ల కిందట రూ.18,000 పెట్టి రియాక్టివ్ రెసిన్ అనే ఒక రకం ప్లాస్టిక్ పైపొర ఉన్న బంతి కొనుక్కున్నాను. దానికి పట్టిన లేన్ ఆయిల్ (బంతి దొర్లే బాటకు పూసే నూనె) పోవాలని ఈమధ్య ఆన్‌లైన్‌లో రూ.650కి ఒక క్లీనర్ తెప్పించాను. సీసా మీద ‘అన్ని బౌలింగ్ బంతులకూ సురక్షితం’ అని రాసి ఉంది. రెండుసార్లు తుడిచేసరికి బంతి పైపొర జిగటగా మారి మచ్చలు పడింది. అమ్మినవాళ్లను అడిగితే ‘ఏడు రోజుల రిటర్న్ గడువు దాటింది’ అంటున్నారు. థిన్నర్‌తో తుడిస్తే జిగట పోతుందని ఫ్రెండ్ చెబుతున్నాడు. నా డబ్బు వస్తుందా? ఇకపై ఏ క్లీనర్ వాడాలి?

– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: థిన్నర్ మాత్రం ముట్టుకోకండి. అది బంతినీ పాడు చేస్తుంది, మీ కేసునూ పాడు చేస్తుంది. అసిటోన్, మిథైల్ ఇథైల్ కీటోన్ లాంటి ద్రావకాలు బంతి పైపొరను మెత్తబరుస్తాయి. 1970లలో అమెరికాలో డాన్ మెక్‌క్యూన్ వంటి ఆటగాళ్లు బంతి లేన్‌ను బాగా పట్టుకోవాలని కావాలనే అలా నానబెట్టేవారు. ఆ తర్వాతే అక్కడి సంఘాలు బంతికి కనీస గట్టిదనం ఉండాలని నియమం పెట్టాయి. ఇప్పుడు మీరు థిన్నర్ పూస్తే, పాడు చేసింది క్లీనరా, థిన్నరా అన్నది ఎవరూ తేల్చలేరు. అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

రిటర్న్ గడువు సాకు మీ విషయంలో చెల్లదు. ఆ గడువు వస్తువు వెనక్కి ఇవ్వడానికే. ఆ వస్తువు మీ మరో ఆస్తిని పాడు చేస్తే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ‘ఉత్పత్తి బాధ్యత’ కింద పరిహారం అడిగే హక్కు వేరే ఉంది. క్లీనర్ ధర రూ.650 మామూలు ఫిర్యాదులోనే అడగొచ్చు. బంతి నష్టాన్ని మాత్రం ఉత్పత్తి బాధ్యత కింద అడగాలి.

మీ చేతిలో ఉన్న పెద్ద బలం సీసా మీది ఆ ఒక్క వాక్యమే. సెక్షన్ 84 ప్రకారం అలా రాతపూర్వకంగా ఇచ్చిన హామీకి సరుకు తూగకపోతే తయారీదారే బాధ్యుడు. ‘మా నిర్లక్ష్యం ఏమీ లేదు’ అని రుజువు చేసుకున్నా తప్పించుకోలేడు. తయారీదారు ఎవరో తెలియకపోయినా, విదేశంలో ఉండి మన చట్టానికి అందకపోయినా సెక్షన్ 86 అమ్మినవారి మీదికి వస్తుంది. దిగుమతిదారు కూడా చట్టం దృష్టిలో అమ్మకందారే.

ఒక మెలిక ఉంది. వస్తువును తప్పుగా వాడితే అమ్మకందారు మీద దావా నిలవదని సెక్షన్ 87 చెబుతోంది. కాబట్టి లేబుల్ మీది సూచనలు ఇప్పుడే మళ్లీ చదవండి. వెంటనే తుడిచేయమని ఉంటే, మీరు రాత్రంతా వదిలేసి ఉంటే, ఆ మాట మీ లాయరుకు దాచకుండా చెప్పండి.

మిగిలిన క్లీనర్‌ను సీసాలోనే ఉంచి మూత బిగించి దాచండి. బంతిని ఇప్పుడే సానపట్టించకండి. లేబుల్, మచ్చలు దగ్గరగా కనిపించేలా ఫొటోలు తీయండి. బంతులకు రంధ్రాలు వేసే షాపులో చూపించి, వాళ్లు గమనించింది సంతకంతో రాయించుకోండి. కేసు వేశాక, అవసరమైతే వినియోగదారుల కమిషనే శాంపిల్‌ను సీలు వేయించి ల్యాబ్‌కు పంపుతుంది. ఆ ఫీజు మిమ్మల్ని కట్టమనవచ్చు.

ముందు వెబ్‌సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పి, నెలలోగా పరిష్కరించాలి. 1915 హెల్ప్‌లైన్‌కూ చెప్పండి. కదలిక లేకపోతే నోటీసు పంపి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. అమ్మినవాళ్లు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు నివసించే చోటే వేయొచ్చు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్లు దాటకూడదు.

పూర్తి రూ.18,000 వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. రెండేళ్లు ఆడిన బంతి కాబట్టి వాడకం మేరకు విలువ తగ్గించే అవకాశమే ఎక్కువ. కేసు ఖర్చులు, మానసిక వేదనకు పరిహారం విడిగా అడగండి.

ఇక క్లీనర్ సంగతి. రియాక్టివ్ రెసిన్ నూనెను లోపలికి పీల్చుకుంటుంది కాబట్టి ఆడిన ప్రతిసారీ, బంతి వెచ్చగా ఉండగానే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవడం అన్నిటికన్నా మేలు. క్లీనర్ కొంటే అమెరికా బౌలింగ్ సంఘం యూఎస్‌బీసీ ఆమోదించిన జాబితాలో పేరుందో లేదో చూడండి. ఆ జాబితా మన దగ్గర చట్టం కాదు గానీ, రేపు కమిషన్ ముందు పనికొచ్చే ఆధారం. 2019 ఆగస్టు నుంచి ఆ సంఘం పోటీల్లో ఆట మధ్యలో ఏ ద్రవంతోనూ తుడవకూడదు, పొడిగుడ్డే వాడాలి. దిగుమతి సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, ఎమ్మార్పీ ప్యాకెట్ మీద ఉండాల్సిందే. అవి లేని సీసా కొనకండి. కొత్తది ఏదైనా ముందు లేన్‌కు తగలని చోట చిన్న మచ్చంత రాసి, ఆరాక వేలితో తడిమి చూడండి. బిల్లు మీ పేరుతోనే తీసుకోండి.