కర్ణభేరి ఆపరేషన్ అయి 3 వారాలైనా చెవి దిబ్బడ వీడలేదంటే

మీ చెవిలో ఇంకా జెల్‌ఫోమ్ ఉండి ఉంటుంది. కర్ణభేరి రంధ్రానికి వేసిన అతుకుకి ఆసరాగా పెట్టే ఆ స్పాంజి కరగడానికి ఆరేడు వారాలు పట్టొచ్చు. అప్పటిదాకా దిబ్బడ మామూలే.

1. నోరు మూసి "మ్‌మ్" అనండి. ఆపరేషన్ చెవిలోనే గట్టిగా వినిపిస్తే అడ్డు వల్లే. బాగున్న రెండో చెవి వైపు వినిపించినా, కళ్లు తిరిగినా ఆరోజే డాక్టర్‌కి చూపించండి.

2. ముక్కు గట్టిగా చీదొద్దు. అతుకు కదిలిపోతుంది.

3. చాలామంది వదిలేసేది ఇదే: 3 నెలలకు ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష). "రంధ్రం పూడింది" అన్నారని ఆగిపోకండి, పూడటం వేరు, వినపడటం వేరు. పాత రిపోర్టు పక్కన పెట్టి గ్రాఫ్‌లో గాలి గీతకీ (గాలి ద్వారా వినికిడి) ఎముక గీతకీ (ఎముక ద్వారా వినికిడి) మధ్య తేడా చూడండి. 20 డెసిబెల్స్ లోపైతే మంచి ఫలితం. అతుకు బాగుండి కూడా 30 దాటితే, ఆపరేషన్ నోట్స్‌లో ఇన్‌కస్ (మధ్య చెవిలోని చిన్న ఎముక) గురించి ఏం రాశారో అడగండి. చీముకి ఆ ఎముక అరిగిపోయి ఉంటే ఆసికులోప్లాస్టీ (చెవి ఎముకల్ని సరిచేసే ఆపరేషన్) అవసరం కావచ్చు.