సమాధానం: పువ్వంటే ఆడ, కొండంటే మగ... పిల్లల బొమ్మలన్నీ ఒకేలా వస్తుంటే
మేడమ్ గారూ, 'ప్రకృతిలో ఆడతనం, మగతనం' అని అంశమిస్తే క్లాసంతా పువ్వులూ కొండలే గీసిందన్నారు. మాట ముందిచ్చి బొమ్మ తర్వాత అడిగితే ఎవరైనా అదే గీస్తారండీ. వరస తిప్పి చూడండి.

ముందు ఫోటోలు తీయించండి, బాగా దగ్గరగా, ఏ పేరూ పెట్టకుండా. మందారం దీనికి భలే పనికొస్తుంది. మధ్యలో పొడుచుకొచ్చిన గొట్టం చుట్టూ పసుప్పచ్చని పుప్పొడి తిత్తులు, దాని కొసన విచ్చుకున్న ఐదు కీలాగ్రాలు. తిత్తులు మగ భాగం, పుప్పొడిని అందుకునే కీలాగ్రాలు ఆడ భాగం. ఆడా మగా ఒకే పువ్వులో! అది కళ్లారా చూశాక పాత బొమ్మే మళ్లీ వేయడం కష్టం.

తర్వాత అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో తీసిన ఫోటో 'పెప్పర్ నంబర్ 30' చూపించండి. రేకు గరాటులో పెట్టిన ఒట్టి క్యాప్సికం అది. ఒకరికి కండలు తిరిగిన వీపులా, ఇంకొకరికి హత్తుకున్న జంటలా కనిపిస్తుంది. అలా అనిపించింది వెలుగు వల్లా, వంపు వల్లా? రెండు వాక్యాలు రాయించి, అప్పుడు రంగులివ్వండి.

అమెరికన్ చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ వేసిన పువ్వుల బొమ్మలు కూడా చూపించొచ్చు. కాకపోతే వాటిలో స్త్రీ దేహాన్ని చూడటం ఆవిడకే నచ్చలేదన్న సంగతి దాచకండి, పిల్లలు వాదించుకోవడానికి మంచి ముడిసరుకు.

మార్కులు మాత్రం ఆ రెండు వాక్యాలకీ బొమ్మకీ పొంతన చూసి వేయండి.