హైజెన్‌బర్గ్‌ని పిలిచే ముందు

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. వాక్యం హాయిగా నడుస్తోంది, దాని గురించి నేను చెప్పాల్సిందేమీ లేదు. కానీ మూడో పేజీలో జర్మన్ ఫిజిక్స్ శాస్త్రవేత్త హైజెన్‌బర్గ్‌ని తీసుకొచ్చి, ఈ లోకంలో దేన్నీ కచ్చితంగా తెలుసుకోలేమని ఫిజిక్సే ఒప్పుకుంది అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. 1927లో తన అనిశ్చితత్వ సూత్రంలో ఆయన చెప్పింది అది కాదు. ఒక కణం ఎక్కడుంది, దాని ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) ఎంత, ఈ రెండూ ఒకేసారి ఎంత కచ్చితంగా ఉండగలవో దానికో హద్దుంది, ఆ హద్దుని ప్లాంక్ స్థిరాంకం అనే అతి చిన్న స్థిర సంఖ్యతో లెక్కగట్టొచ్చు కూడా. మెజెస్టిక్ బస్టాండు నుంచి వచ్చే బస్సు విషయంలో అది ఎంత చిన్నదంటే అసలు లెక్కలోకే రాదు. మనుషుల మధ్య అపార్థాల గురించి రాయడానికి నీకు ఆ సూత్రం అవసరమే లేదు.

ఐఐఎస్‌సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) చదివే నీ స్నేహితుడు ఆ పేజీ చూసి నవ్వాడని, 'మీ సాహిత్యం వాళ్ళంతా ఇంతే' అన్నాడని రాశావు. తప్పు పట్టడం వరకూ అతనిది న్యాయమే, ఆ రెండో మాట మాత్రం ఒప్పుకోకు. 1996లో న్యూయార్క్ యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ అలాన్ సోకల్ కావాలనే అర్థంలేని వ్యాసం రాసి 'సోషల్ టెక్స్ట్' అనే పత్రికకి పంపితే, వాళ్ళు ఫిజిక్స్ తెలిసినవాళ్ళకి చూపించకుండానే వేసేశారు, తర్వాత ఆయనే సంగతి బయటపెట్టాడు. ఆ ఒక్క ఉదంతం పట్టుకుని మానవీయ శాస్త్రాలన్నిటినీ కొట్టిపారేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది అచ్చయినంత మాత్రాన పెద్దగా ఏమీ తేల్చలేమని సోకలే తర్వాత రాశాడు.

మరి సైన్సు మీద మనం రాయకూడదా? తప్పకుండా రాయాలి. ఏ పరిశోధనకి డబ్బొస్తుంది, ల్యాబులోకి ఎవర్ని రానిస్తారు, ఇవి సమీకరణాలతో తేలేవి కావు. మన బెంగళూరులోనే, 1933లో, ఐఐఎస్‌సీ డైరెక్టరుగా ఉన్న సి.వి. రామన్ ఆడపిల్లన్న కారణంతో కమలా సోహోనీకి సీటు ఇవ్వనన్నారు. ఆమె పట్టువదల్లేదు, షరతుల మీద చేరింది, ఆ తర్వాత కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది. దానివల్ల, కాంతి గురించి ఆయన కనిపెట్టిన రామన్ ఎఫెక్ట్ వీసమెత్తు కూడా అబద్ధమైపోదు. అలాగని అది నిజం కాబట్టి ఆమెకి జరిగింది చిన్న విషయమూ అయిపోదు. ఈ రెండిటినీ ఒకే వ్యాసంలో, ఒకదాన్ని అడ్డం పెట్టుకుని ఇంకోదాన్ని కొట్టకుండా రాయగలగాలి. అది కష్టం, కానీ నువ్వు రాయగలవనే నా నమ్మకం.

ఇకమీదట సైన్సు మాట ఏది వాడాలన్నా, ముందు దాన్ని నీ సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాసి ఆ నవ్విన అబ్బాయికే చూపించు. అతను సరేనన్నాకే వ్యాసంలో పెట్టు. ఆ మూడో పేజీ తీసేసి సోహోనీ గురించి రాసి పంపు. ఆదివారం నేను మల్లేశ్వరంలోనే ఉంటాను, అతన్నీ వెంటబెట్టుకుని రా.